కొత్తగా చేరిన ఎలిమెంట్ మన కోడ్‌కు ఎందుకు కనిపించదు?

ఒక వెబ్ పేజీలో చేయవలసిన పనుల జాబితా ఉందనుకుందాం. ప్రతి పని పక్కనా ‘తొలగించు’ అనే బటన్ ఉంటుంది. పేజీ తెరుచుకోగానే మన స్క్రిప్ట్ ఆ బటన్లన్నింటినీ వెతికి, ఒక్కొక్కదానికీ క్లిక్ లిజనర్‌ను, అంటే నొక్కగానే నడవవలసిన ఫంక్షన్‌ను, తగిలిస్తుంది. నొక్కి చూస్తే అన్నీ చక్కగా పనిచేస్తాయి. కాసేపటికి వినియోగదారు మరో పనిని జాబితాలో చేరుస్తారు. దాని పక్కన, పాతవాటితో అచ్చుగుద్దినట్టున్న బటన్ ఒకటి వచ్చి చేరుతుంది. దాన్ని నొక్కితే మాత్రం ఏమీ జరగదు. కన్సోల్‌లో ఎర్రటి వాక్యం కనిపించదు, హెచ్చరిక కూడా రాదు. తప్పు ఎక్కడుందో చూపే ఆనవాలేదీ లేకపోవడం వల్ల, జావాస్క్రిప్ట్ కొత్తగా నేర్చుకుంటున్నవారు తమ ఫంక్షన్‌లోనే లోపం ఉందనుకుని, సరిగ్గా ఉన్న కోడ్‌నే గంటల తరబడి తిరగరాస్తుంటారు.

ఈ పొరపాటుకు మూలం చాలావరకు, పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్‌ఎస్ నేర్పిన అలవాటులో ఉంది. స్టైల్‌షీట్‌లో ఒక క్లాస్‌కు రంగు నిర్ణయిస్తే అది నిరంతరం అమలులో ఉండే శాసనం వంటిది. ఆ క్లాస్‌తో రేపు పుట్టబోయే ఎలిమెంట్‌కు (బటన్ వంటి పేజీ భాగానికి) కూడా ఆ రంగే వస్తుంది. జావాస్క్రిప్ట్‌లోనూ ఎలిమెంట్లను ఎంచుకునే అదే సెలెక్టర్‌ను, క్లాస్ పేరు ముందు అదే చుక్కతో రాస్తాం గనుక అదే హామీ ఇక్కడా ఉంటుందని మనసు అనుకుంటుంది. కానీ క్వెరీసెలెక్టర్‌ఆల్‌కు మనమిచ్చే సెలెక్టర్ శాసనం కాదు, ఆ ఒక్క క్షణానికి పరిమితమైన వెతుకులాట. అది తిరిగిచ్చే జాబితా ఆ క్షణంలో తీసిన ఫొటో లాంటిది. తర్వాత పేజీలో ఎవరు వచ్చినా ఆ ఫొటోలోకి చేరరు. ఇక యాడ్‌ఈవెంట్‌లిజనర్ తగిలించేది సెలెక్టర్‌కు కాదు, క్లాస్ పేరుకూ కాదు. మెమరీలో ఉన్న ఒకానొక ఎలిమెంట్ ఆబ్జెక్టుకు. అదే క్లాస్‌తో ఇంకొకటి వస్తే అది వేరే ఆబ్జెక్టు. దాని దగ్గర మన లిజనర్ లేదు, అంతే.

గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్ ఇచ్చే జాబితా మాత్రం సజీవంగా ఉంటుంది, పేజీ మారినప్పుడల్లా తానూ మారుతుంది. దాన్ని వాడితే చిక్కు తీరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. తీరదు. జాబితా పెరిగే మాట నిజమే గాని, దాని మీద మనం తిప్పిన లూప్ ఎప్పుడో ముగిసిపోయింది. జాబితా పెరిగినందువల్ల ఆ లూప్ మళ్లీ తనంతట తాను తిరగదు.

దీనికంటే వింతైన పరిస్థితి ఇంకొకటి ఉంది. కొత్త అంశాన్ని చేర్చడానికి, జాబితా లోపలి మార్కప్‌ను అక్షరాలుగా ఇచ్చే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు ‘ప్లస్ ఈక్వల్స్’తో కొత్త మార్కప్‌ను కలిపారనుకోండి, కొత్త బటన్ పనిచేయకపోవడం అటుంచి, అప్పటిదాకా పనిచేస్తున్న పాత బటన్లు కూడా ఒక్కసారిగా మూగబోతాయి. ఎందుకంటే బ్రౌజర్ ఉన్న ఎలిమెంట్లన్నింటినీ అక్షరాల వరుసగా మార్చి, దానికి కొత్త ముక్కను అతికించి, మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి ఎలిమెంట్లుగా నిర్మిస్తుంది. పాత ఆబ్జెక్టులతో పాటు వాటికున్న లిజనర్లూ పోతాయి. టెక్స్ట్ పెట్టెల్లో సగం టైప్ చేసిన మాటలూ పోతాయి. ఇన్సర్ట్‌అడ్జసెంట్‌హెచ్‌టీఎంఎల్ అనే మెథడ్ ఉన్నవాటి జోలికి పోకుండా కొత్తదాన్ని మాత్రమే చేరుస్తుంది గనుక, మార్కప్ రూపంలోనే చేర్చక తప్పనప్పుడు దానినే వాడటం మంచిది.

‘కొత్త ఎలిమెంట్ వచ్చిందని నాకు ఎలా తెలుస్తుంది?’ అన్నదే సాధారణంగా అందరూ వేసే ప్రశ్న. నా దృష్టిలో దానికంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, ఆ ఎలిమెంట్ వచ్చిన సంగతి మనకు అసలు తెలియవలసిన అవసరం ఉందా? రెండవది, దాన్ని పేజీలోకి చేరుస్తున్నది మన కోడేనా, మరెవరిదో కోడా? ఈ రెండింటికీ జవాబు చెప్పుకోకుండా సాధనాన్ని ఎంచుకున్నవారు, తలుపు తీసి ఉండగా గోడకు కన్నం వేసిన పనే చేస్తుంటారు.

తెలియనవసరం లేని సందర్భం

క్లిక్, టైపింగ్, ఫారమ్ సమర్పణ వంటి చర్యలకు స్పందించడమే మన పని అయితే, ఎలిమెంట్ ఎప్పుడు వచ్చిందో తెలియనవసరం లేదు. ఈవెంట్ (ఆ చర్య గురించి బ్రౌజర్ పంపే కబురు) ప్రయాణించే తీరే ఇందుకు కారణం. ఒక బటన్‌ను నొక్కినప్పుడు ఆ క్లిక్ నేరుగా బటన్ దగ్గర పుట్టి అక్కడే ముగిసిపోదు. విండో నుంచి మొదలై, డాక్యుమెంట్ మీదుగా, బటన్‌ను తమలో ఇముడ్చుకున్న ఒక్కొక్క పూర్వీకుణ్ణి దాటుకుంటూ బటన్ దాకా దిగుతుంది, తర్వాత అదే దారిలో బుడగలా పైకి తేలుతుంది. దిగే దశను క్యాప్చరింగ్ అనీ, తేలే దశను బబ్లింగ్ అనీ అంటారు. ఈ దారి ఈవెంట్ పుట్టిన క్షణంలో, అప్పటికి పేజీ ఉన్న స్థితిని బట్టి నిర్ణయమవుతుంది. కాబట్టి ప్రతి బటన్‌కూ ఒక లిజనర్ పెట్టే బదులు జాబితాకే ఒక్క లిజనర్ పెడితే, నిన్నటి బటన్ నుంచి వచ్చే క్లిక్కూ, ఇప్పుడే పుట్టిన బటన్ నుంచి వచ్చే క్లిక్కూ అక్కడికే చేరతాయి. దీనినే ఈవెంట్ డెలిగేషన్ అంటారు.

జాబితాకు చేరిన క్లిక్ ఏ బటన్‌ది అన్నది తేల్చుకోవడంలోనే కొంత నేర్పు కావాలి. ఈవెంట్ ఆబ్జెక్టులోని టార్గెట్, నొక్కిన చోట అన్నింటికంటే లోపల ఉన్న ఎలిమెంట్‌ను చూపిస్తుంది. కరెంట్‌టార్గెట్, లిజనర్ ఎవరికి తగిలించి ఉందో వారిని చూపిస్తుంది. బటన్ లోపల చెత్తబుట్ట బొమ్మ ఉంటే, వినియోగదారు వేలు ఆ బొమ్మ మీద పడితే, టార్గెట్ బొమ్మ అవుతుంది గాని బటన్ కాదు. టార్గెట్ క్లాస్ పేరును నేరుగా పోల్చి చూసే కోడ్ ఇక్కడే దెబ్బతింటుంది: బటన్ అంచు మీద నొక్కితే పనిచేస్తుంది, నడుమ నొక్కితే పనిచేయదు. అందుకని క్లోజెస్ట్ అనే మెథడ్‌తో, టార్గెట్‌తోనే మొదలుపెట్టి పైకి వెతుక్కుంటూ మన సెలెక్టర్‌కు సరిపోయే మొదటి ఎలిమెంట్‌ను పట్టుకోవాలి. ఏదీ దొరక్కపోతే నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) వస్తుంది, అక్కడితో ఫంక్షన్ నుంచి వెనుదిరగాలి. క్లోజెస్ట్ జాబితా హద్దు దగ్గర ఆగదని కూడా గుర్తుంచుకోవాలి. జాబితా బయట, దానికి పైన, అదే సెలెక్టర్‌కు సరిపోయే ఎలిమెంట్ ఉంటే దానినే తెచ్చి చేతిలో పెడుతుంది. దొరికినది నిజంగా మన జాబితాలోదేనా అని కంటెయిన్స్‌తో సరిచూడటానికి ఒక్క వాక్యం చాలు.

ఈ పద్ధతిని జనంలోకి తెచ్చిన ఘనత చాలావరకు జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీది. 2009 జనవరిలో వచ్చిన 1.3 వెర్షన్‌లో లైవ్ అనే మెథడ్ చేరింది. ఇప్పుడున్నవాటికీ ఇకముందు రాబోయేవాటికీ కలిపి లిజనర్ పెట్టవచ్చన్న దాని వాగ్దానం అప్పట్లో మాయలా తోచింది. నిజానికి అది లిజనర్‌ను డాక్యుమెంట్‌కు తగిలించి డెలిగేషన్ చేసేది, అంతకుమించి మాయేమీ లేదు. ప్రతి ఈవెంటూ పేజీ శిఖరం దాకా ఎక్కవలసి రావడం, నడుమ ఎవరైనా దాన్ని ఆపేస్తే ఇక్కడికి చేరకపోవడం వంటి ఇబ్బందులు బయటపడ్డాక, 2010లో డెలిగేట్, 2011 నవంబరులో 1.7 వెర్షన్‌తో ఆన్ అనే మెథడ్ వచ్చాయి, 2013లో 1.9 వెర్షన్ నుంచి లైవ్‌ను తొలగించారు. ఆన్ మెథడ్‌ను వాడినంత మాత్రాన డెలిగేషన్ జరిగిపోతుందన్న అపోహ నేటికీ ఉంది. బటన్లను ఎంచుకుని వాటి మీద ఆన్‌ను పిలిస్తే అది మామూలు లిజనరే. స్థిరమైన పూర్వీకుణ్ణి ఎంచుకుని, బటన్ సెలెక్టర్‌ను రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చినప్పుడే డెలిగేషన్ అవుతుంది.

డెలిగేషన్‌కు లొంగని ఈవెంట్లూ ఉన్నాయి. ఫోకస్, బ్లర్ పైకి తేలవు. వాటి బదులు తేలే గుణమున్న ఫోకస్‌ఇన్, ఫోకస్‌అవుట్‌లను వాడుకోవాలి. మౌస్‌ఎంటర్, మౌస్‌లీవ్ కూడా తేలవు. బొమ్మలు లోడ్ అయ్యాయనో విఫలమయ్యాయనో చెప్పే లోడ్, ఎర్రర్ ఈవెంట్లు కూడా అంతే. కాని తేలని ఈవెంట్ అయినా దిగే దశలో పూర్వీకుల మీదుగానే వెళుతుంది గనుక, క్యాప్చర్ ఎంపికతో లిజనర్ పెడితే, తర్వాత చేరబోయే బొమ్మల వైఫల్యాలను సైతం ఒకేచోట పట్టుకోవచ్చు. ఈ చిట్కా తెలిసినవారు తక్కువ. మరోవైపు, నడుమ ఏదో లైబ్రరీ స్టాప్‌ప్రాపగేషన్‌ను పిలిచిందంటే బుడగ అక్కడే పగిలిపోతుంది. ఎంత పైన కూర్చుంటే అంత ప్రమాదం. అందుకే లిజనర్‌ను ఎప్పుడూ డాక్యుమెంట్‌కే తగిలించడం కంటే, పేజీ ఉన్నంతకాలం చెక్కుచెదరని అతి దగ్గరి పూర్వీకుడికి తగిలించడం మేలు. పైగా విండో, డాక్యుమెంట్, బాడీలకు తగిలించిన టచ్, వీల్ లిజనర్లను క్రోమ్ వంటి బ్రౌజర్లు వాటంతట అవే పాసివ్‌గా పరిగణిస్తాయి; అక్కడ ప్రివెంట్‌డిఫాల్ట్‌ను పిలిచినా స్క్రోల్ ఆగదు.

చేర్చేది మనమే అయినప్పుడు

స్పందించడం కాక, ఎలిమెంట్‌నే సిద్ధం చేయవలసిన అవసరం కొన్నిసార్లు ఉంటుంది: తేదీ పెట్టెకు క్యాలెండర్ తగిలించాలి, కోడ్ ముక్కకు రంగులు వేయాలి, పటం గీయాలి. వీటికి వినియోగదారు చర్య కోసం ఎదురుచూడటం కుదరదు. ఆ ఎలిమెంట్‌ను చేరుస్తున్నది మన కోడే అయితే ఏ గూఢచారీ అక్కర్లేదు. చేర్చిన వాక్యం పక్కనే సిద్ధం చేసే వాక్యాన్నీ రాస్తే సరిపోతుంది. ఇది చెప్పనవసరం లేనంత తేలికైన విషయంగా కనిపిస్తుంది గాని, తామే చేర్చిన ఎలిమెంట్‌ను తామే కనిపెట్టడానికి పరిశీలకులను నియమించిన ప్రాజెక్టులను నేను ఒకటికి మించి చూశాను.

అలవాటు చేసుకోవలసింది ఒకటే: సిద్ధం చేసే ఫంక్షన్ ఎప్పుడూ పేజీ మొత్తాన్ని కాక, తనకిచ్చిన ఒక మూలం కింద మాత్రమే వెతకాలి. పేజీ తెరిచినప్పుడు దానికి డాక్యుమెంట్‌ను ఇస్తాం. సర్వర్ నుంచి కొత్త భాగం తెచ్చి అతికించినప్పుడు ఆ భాగాన్ని మాత్రమే ఇస్తాం. క్వెరీసెలెక్టర్‌ఆల్ మూలం కింద ఉన్నవాటినే వెతుకుతుంది, మూలాన్ని లెక్కలోకి తీసుకోదు. అతికించిన ఎలిమెంటే మనకు కావలసినది అయితే దాన్ని మ్యాచెస్ అనే మెథడ్‌తో విడిగా పరీక్షించాలి. క్లోన్‌నోడ్‌తో నకలు తీసినప్పుడు ఆట్రిబ్యూట్లు వస్తాయి గాని, యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో పెట్టిన లిజనర్లు రావు. నకలును కూడా సిద్ధం చేయాల్సిందే.

తెచ్చిన మార్కప్‌లోనే స్క్రిప్ట్ ట్యాగ్‌ను పెట్టేస్తే అది అతికించగానే నడుస్తుంది కదా అని ఆశపడేవారికి నిరాశే మిగులుతుంది. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ ద్వారా వచ్చిన స్క్రిప్ట్ ట్యాగులు పేజీలో చేరతాయి గాని నడవవు. ప్రమాణమే అలా శాసించింది. క్రియేట్‌ఎలిమెంట్‌తో తయారుచేసి చేర్చిన స్క్రిప్ట్ మాత్రం నడుస్తుంది. దీన్నిబట్టి ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ సురక్షితమని అనుకోకూడదు: ఆన్‌ఎర్రర్ ఆట్రిబ్యూట్‌లో కోడ్ దాచిన బొమ్మ ట్యాగ్ అదే దారిలో వచ్చి నిక్షేపంగా ఆ కోడ్‌ను నడిపిస్తుంది.

చేర్చేది ఎవరో అయినప్పుడు

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, యూజర్ స్క్రిప్టులు, ఇతరుల విడ్జెట్లతో నిండిన పేజీలు: ఇక్కడ ఎలిమెంట్‌ను ఎవరు, ఎప్పుడు చేరుస్తారో మన చేతిలో ఉండదు. పేజీని కనిపెట్టుకుని ఉండక తప్పని సందర్భం నిజంగా ఇదే.

దీనికి తొలి పరిష్కారం, పేజీని చెట్టు రూపంలో కోడ్‌కు అందించే డామ్‌లో, 2000లో ప్రమాణమైన రెండో స్థాయి ఈవెంట్లలో వచ్చింది. డామ్‌నోడ్‌ఇన్సర్టెడ్ వంటి పేర్లతో ఉన్న ఈ మ్యుటేషన్ ఈవెంట్లు, ఒక నోడ్ (ఆ చెట్టులోని ఎలిమెంటో, టెక్స్ట్ ముక్కో) చేరిన మరుక్షణమే, చేర్చుతున్న కోడ్‌ను నడుమనే నిలిపి, మన ఫంక్షన్‌ను పిలిచేవి. వెయ్యి వరుసలను చేరిస్తే వెయ్యిసార్లు ఆగాలి. ఆగిన ప్రతిసారీ ఈవెంట్ పూర్వీకులందరి మీదుగా ప్రయాణించాలి. ఆ మధ్యలో మన ఫంక్షన్ పేజీని మార్చేస్తే, తాను సగం చేసిన పని కింద నేల కదిలిపోయిందని చేర్చుతున్న కోడ్‌కు తెలియదు. ఈ నెమ్మదితనమూ, ఈ అస్థిరతా కలిసి 2011 నాటికే వాటిని వాడకూడనివాటి జాబితాలోకి చేర్చాయి. చివరకు 2024 జులైలో క్రోమ్ 127 వాటికి మద్దతును తొలగించింది. పాత జవాబుల్లో నేటికీ కనిపించే డామ్‌నోడ్‌ఇన్సర్టెడ్ సలహాను పాటిస్తే, అందులో ఏ లోపమూ చూపకుండానే కోడ్ పనిచేయడం మానేస్తుంది.

వాటి స్థానంలో వచ్చినదే మ్యుటేషన్ అబ్జర్వర్. 2012లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో కనిపించి, 2013లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11తో అన్ని ప్రధాన బ్రౌజర్లలోకీ చేరింది. దాని పద్ధతి వేరు: మార్పు జరిగిన ప్రతిసారీ తలుపు తట్టదు; ఏం జరిగిందో రాసిపెట్టుకుంటూ పోయి, నడుస్తున్న స్క్రిప్ట్ ముగిశాక ఆ రాతలన్నింటినీ ఒక్కసారిగా మన ఫంక్షన్‌కు అప్పగిస్తుంది. వెయ్యి వరుసలు చేరితే పిలుపు ఒక్కటే, అందులో వెయ్యి రికార్డులు ఉంటాయి. ఈ పిలుపు మైక్రోటాస్క్‌గా వస్తుంది, అంటే ప్రామిస్‌లు (తర్వాత అందబోయే ఫలితాలకు ప్రతినిధులు) పూర్తయ్యే వరుసలోనే, బ్రౌజర్ తెరను మళ్లీ గీయడానికి ముందే. కాబట్టి కొత్త ఎలిమెంట్‌ను మనం మార్చితే, మార్చని రూపం ఒక్క క్షణం కూడా తెర మీద మెరవదు. ఎక్స్‌టెన్షన్లు రాసేవారికి ఇదెంత విలువైన గుణమో, టైమర్లతో కుస్తీపట్టినవారికి చెప్పనక్కర్లేదు.

దీన్ని వాడేటప్పుడు ఏ నోడ్‌ను గమనించాలో, ఏ రకం మార్పులను గమనించాలో చెప్పాలి. కొత్త ఎలిమెంట్ల కోసం చైల్డ్‌లిస్ట్. ఆ నోడ్‌కు నేరుగా పిల్లలైనవే కాక అన్ని లోతులూ కావాలంటే సబ్‌ట్రీ. రెండవదాన్ని మరచిపోయి, అబ్జర్వర్ పనిచేయడం లేదనుకునేవారే ఎక్కువ. ఇంతవరకూ తేలికే, అసలు చిక్కులన్నీ రికార్డులను చదవడంలో ఉన్నాయి.

యాడెడ్‌నోడ్స్ అనే జాబితాలో చేరిన ప్రతి ఎలిమెంటూ ఉంటుందనుకోవడం అందులో మొదటిది. ఒక పెద్ద డివ్‌ను, దాని లోపల ఇరవై బటన్లతో సహా చేరిస్తే, జాబితాలో కనిపించేది ఆ డివ్ ఒక్కటే. అది మనకు కావలసినదేనా అని మ్యాచెస్‌తో చూసి ఊరుకుంటే, లోపలున్న ఇరవై బటన్లూ మన కళ్ల ముందు నుంచే జారిపోతాయి. కాబట్టి చేరిన ప్రతి ఎలిమెంటూ తాను సరిపోతుందేమో చూడాలి, దాని కింద క్వెరీసెలెక్టర్‌ఆల్‌తోనూ వెతకాలి. ఆ జాబితాలో ఎలిమెంట్లే కాక ఖాళీ అక్షరాలతో నిండిన టెక్స్ట్ నోడ్లూ ఉంటాయి. వాటి దగ్గర మ్యాచెస్ లేదు గనుక, నోడ్‌టైప్ విలువ 1 అవునో కాదో చూడకుండా పిలిస్తే కోడ్ అక్కడే కూలిపోతుంది.

ఒకే ఎలిమెంట్ రెండుసార్లు ఎదురుపడటం ఇంకొకటి. బ్రౌజర్ హెచ్‌టీఎంఎల్‌ను సర్వర్ నుంచి అందుకుంటూ నిర్మిస్తున్న దశలో, డివ్ ఒక రికార్డుగానూ, దాని పిల్లలు వేరే రికార్డులుగానూ రావచ్చు. మనం డివ్ కింద వెతికి పిల్లలను ఒకసారి పట్టుకుంటాం, వారి సొంత రికార్డులో మళ్లీ పట్టుకుంటాం. ఎలిమెంట్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపినా తీసివేతగా ఒకసారి, చేర్పుగా ఒకసారి నమోదవుతుంది. అందుకే సిద్ధం చేసినవాటికి గుర్తు పెట్టుకోవాలి. చాలామంది ఎలిమెంట్ మీద ఒక డేటా ఆట్రిబ్యూట్ రాసి ఊరుకుంటారు. పేజీ ఆ ఎలిమెంట్‌కు నకలు తీస్తే ఆ గుర్తు కూడా నకలుకు వస్తుంది, లిజనర్లు మాత్రం రావు, దాంతో సిద్ధం కానిది సిద్ధమైనట్టు అబద్ధం చెబుతుంది. ఆబ్జెక్టులను మెమరీలో పట్టి ఉంచకుండానే గుర్తుంచుకునే వీక్‌సెట్‌లో ఆ ఆబ్జెక్టునే దాచుకుంటే ఈ మోసం ఉండదు. ఎలిమెంట్ పేజీ నుంచి పోయి, దాన్ని పట్టుకున్నవారెవరూ లేకపోతే మెమరీ కూడా దానంతట అదే విడుదలవుతుంది.

మన ఫంక్షన్ తానే పేజీలో ఏదైనా చేరిస్తే ఏమవుతుందో ఒకసారి ఊహించండి. ఆ చేర్పు కూడా ఒక మార్పే, దానికీ రికార్డు తయారవుతుంది, దానికోసం మళ్లీ మన ఫంక్షన్‌నే పిలుస్తారు, అది మళ్లీ చేరుస్తుంది. మైక్రోటాస్కుల వరుస ఖాళీ అయ్యేదాకా బ్రౌజర్ తెరను గీయదు గనుక ఈ సుడిలో పడిన పేజీ గడ్డకట్టుకుపోతుంది. ట్యాబ్‌ను మూసేయడం తప్ప దారి ఉండదు. పైన చెప్పిన వీక్‌సెట్ గుర్తు చాలా సందర్భాల్లో దీన్నీ ఆపుతుంది. చాలనప్పుడు, మార్పులు చేసే ముందు డిస్‌కనెక్ట్‌తో గమనించడం ఆపి, పూర్తయ్యాక మళ్లీ అబ్జర్వ్‌ను పిలవవచ్చు. అయితే డిస్‌కనెక్ట్ ఇంకా అప్పగించని రికార్డులను పారేస్తుంది, ఆలోగా ఇతరులు చేసిన మార్పులు పోకుండా ఉండాలంటే ముందుగా టేక్‌రికార్డ్స్‌తో వాటిని అందుకోవాలి.

ఏ నోడ్‌ను గమనిస్తున్నామో ఆ నోడే మారిపోతే అబ్జర్వర్ నిశ్శబ్దంగా నిరుపయోగమవుతుంది. ఒకే పేజీలో నడిచే అప్లికేషన్లు ఒక దృశ్యం నుంచి మరోదానికి వెళ్లేటప్పుడు ప్రధాన భాగాన్ని మొత్తంగా తీసేసి కొత్తది పెడతాయి. మన అబ్జర్వర్ మాత్రం పేజీతో సంబంధం తెగిన పాత భాగాన్నే శ్రద్ధగా గమనిస్తూ ఉండిపోతుంది. అలాంటిచోట బాడీనో, మరో చలించని పూర్వీకుణ్ణో గమనించాలి. అలాగని పేజీ మొత్తం మీద అన్ని ఆట్రిబ్యూట్లనూ గమనించమంటే, స్టైల్ మారిన ప్రతి యానిమేషన్ అడుగుకూ రికార్డు వచ్చిపడుతుంది. కావలసిన ఆట్రిబ్యూట్ల పేర్లను ఆట్రిబ్యూట్‌ఫిల్టర్‌లో చెప్పడం దీనికి విరుగుడు. షాడో రూట్ (ఎలిమెంట్‌కు తగిలించిన విడి చెట్టు) లోపల, ఐఫ్రేమ్ (పేజీలో పొదిగిన మరో పేజీ) లోపల జరిగేవి బయటి అబ్జర్వర్‌కు కనిపించవు. ఒక్కొక్కదానికీ విడిగా అబ్జర్వ్‌ను పిలవాలి. పేజీలో ఎప్పటి నుంచో ఉన్న ఎలిమెంట్‌కు మనం వెతుకుతున్న క్లాస్ తర్వాత వచ్చి చేరితే, అది చేర్పు కాదు గనుక చైల్డ్‌లిస్ట్ దాన్ని చెప్పదు; క్లాస్ ఆట్రిబ్యూట్‌నూ గమనించాలి.

ఒక్క ఎలిమెంట్ కోసం మాత్రమే ఎదురుచూస్తున్నప్పుడు వరుస ముఖ్యం. అది ఇప్పటికే పేజీలో ఉందేమో ముందు చూడాలి, లేకపోతేనే అబ్జర్వర్ పెట్టాలి, దొరకగానే డిస్‌కనెక్ట్ చేయాలి, ఎప్పటికీ రాకపోతే వదిలేయడానికి గడువు పెట్టుకోవాలి. దీన్ని ప్రామిస్‌లో చుట్టి ఒక చిన్న ఫంక్షన్‌గా దాచుకుంటే జీవితకాలం పనికొస్తుంది.

ఎలిమెంట్ తానే చెప్పుకునే పద్ధతి

మార్కప్‌ను నిర్ణయించే అధికారం మనకే ఉండి, దాన్ని పేజీలో ఎవరు ఎక్కడ పెడతారో మాత్రం తెలియకపోతే, కస్టమ్ ఎలిమెంట్లు నాకు అన్నింటికంటే నచ్చిన దారి. పేరులో హైఫన్ ఉన్న ఒక కొత్త ట్యాగ్‌ను క్లాస్‌గా నిర్వచించి నమోదు చేస్తే, ఆ ట్యాగ్ పేజీలో చేరిన ప్రతిసారీ బ్రౌజర్ దాని కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. తీసేసినప్పుడు డిస్‌కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. నమోదుకు ముందే పేజీలో ఉన్నవాటికి కూడా నమోదైన వెంటనే ఈ హోదా దక్కుతుంది. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో వచ్చినా, ఏ ఫ్రేమ్‌వర్క్ చేర్చినా తేడా లేదు. సెలెక్టర్ ఇవ్వలేని శాసనాన్ని ట్యాగ్ పేరు ఇస్తుందన్నమాట. 2016లో క్రోమ్ 54, 2017లో సఫారీ 10.1, 2018లో ఫైర్‌ఫాక్స్ 63 దీన్ని ఇప్పటి రూపంలో అందుకున్నాయి. 2020 జనవరిలో ఎడ్జ్ కొత్త ఇంజిన్‌కు మారడంతో కొరత తీరింది.

దీనిలో మెలికలు రెండు. బ్రౌజర్ హెచ్‌టీఎంఎల్‌ను చదువుతుండగా కనెక్టెడ్‌కాల్‌బ్యాక్ ప్రారంభ ట్యాగ్ దగ్గరే పిలవబడుతుంది. అప్పటికి పిల్లలు ఇంకా రాలేదు. లోపలి బటన్‌ను అక్కడే వెతికితే నల్ దొరుకుతుంది. తమ స్క్రిప్ట్‌ను డిఫర్ చేసినవారికి (పేజీ చదవడం ముగిశాకే నడిచేలా పెట్టినవారికి), నమోదు జరిగేసరికి పిల్లలంతా వచ్చి ఉంటారు గనుక ఈ సంగతి తెలియదు. ఎవరైనా ఆ స్క్రిప్ట్‌ను పేజీ పైభాగానికి మార్చిన రోజున తెలుస్తుంది. లోపల డెలిగేషన్ వాడితే ఈ బెడద సగం తగ్గుతుంది. ఇక ఎలిమెంట్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి జరిపితే డిస్‌కనెక్టెడ్, కనెక్టెడ్ రెండూ మళ్లీ నడుస్తాయి గనుక, కనెక్టెడ్‌కాల్‌బ్యాక్ ఒక్కసారే వస్తుందన్న నమ్మకంతో రాయకూడదు.

రియాక్ట్ వంటి ఫ్రేమ్‌వర్కులు వాడేవారు ఈ బాధ్యతను, ఎలిమెంట్లు చేరాక కోడ్ నడిపే ఎఫెక్టులకూ, ఎలిమెంట్‌ను చేతికందించే రెఫ్‌లకూ అప్పగించాలి. ఫ్రేమ్‌వర్క్ నిర్మించిన భాగాన్ని బయటి నుంచి అబ్జర్వర్‌తో సవరించడం దానికీ మనకూ మధ్య తగవు పెట్టుకోవడమే. ఆసక్తికరమైన సంగతేమిటంటే రియాక్ట్ కూడా లోలోపల డెలిగేషన్‌నే నమ్ముకుంది. 2020లో వచ్చిన 17వ వెర్షన్ వరకూ లిజనర్లను డాక్యుమెంట్‌కు తగిలించేది, అప్పటి నుంచి అప్లికేషన్ మూల ఎలిమెంట్‌కు తగిలిస్తోంది.

పాతకాలపు ఉపాయాలూ కొన్ని చలామణిలో ఉన్నాయి. కావలసిన సెలెక్టర్‌కు కంటికి కనిపించని సీఎస్‌ఎస్ యానిమేషన్ ఒకటి పెట్టి, యానిమేషన్‌స్టార్ట్ ఈవెంట్‌ను డాక్యుమెంట్ దగ్గర పట్టుకోవడం వాటిలో తెలివైనది. శాసనం లాంటి సీఎస్‌ఎస్ గుణాన్నే జావాస్క్రిప్ట్‌కు అరువు తెచ్చుకోవడం ఇది. కాని డిస్‌ప్లే నన్‌గా దాగి ఉన్న ఎలిమెంట్‌కు యానిమేషన్ మొదలవదు, ఆ ఎలిమెంట్‌కు పేజీ తన సొంత యానిమేషన్ పెట్టుకుంటే రెండింటిలో ఒకటే మిగులుతుంది. సెట్‌ఇంటర్వల్‌తో క్షణక్షణం వెతకడం ఇంకొకటి; అది ఏమీ మారనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది, మారినప్పుడు ఆలస్యంగా వస్తుంది, వెనుకనున్న ట్యాబ్‌లో బ్రౌజర్ దాన్ని సెకనుకు ఒకసారికి తగ్గిస్తుంది. పది నిమిషాల్లో రాసి మరచిపోయే యూజర్ స్క్రిప్ట్‌కు అది చాలు.

కొత్త ఎలిమెంట్ల మీద కోడ్ నడపడం గురించి రాసేవారు సాధారణంగా వదిలేసేది, ఆ ఎలిమెంట్లు వెళ్లిపోయాక మిగిలేవాటి సంగతి. ఎలిమెంట్‌కే తగిలించిన లిజనర్ దానితోపాటే మెమరీ నుంచి పోతుంది. దాన్ని సిద్ధం చేస్తూ విండోకు తగిలించిన రీసైజ్ లిజనర్, మొదలుపెట్టిన టైమర్ మాత్రం పోవు, పైగా ఆ ఎలిమెంట్‌ను కూడా పోనివ్వకుండా పట్టుకుని ఉంటాయి. సిద్ధం చేసేటప్పుడు ఒక అబార్ట్‌కంట్రోలర్‌ను సృష్టించి, దాని సిగ్నల్‌ను పెట్టిన ప్రతి లిజనర్‌కూ ఇస్తే, వెళ్లేటప్పుడు ఒక్క అబార్ట్ పిలుపుతో లిజనర్లన్నీ తొలగిపోతాయి. టైమర్లను విడిగా ఆపాలి. ఆ పిలుపుకు తగిన చోటు కస్టమ్ ఎలిమెంట్‌లో అయితే డిస్‌కనెక్టెడ్‌కాల్‌బ్యాక్. అబ్జర్వర్‌లో అయితే రిమూవ్డ్‌నోడ్స్ జాబితా. అక్కడా తీసేసిన భాగం మూలం ఒక్కటే కనిపిస్తుంది గనుక లోపలికి వెతకాలి, కేవలం చోటు మారిన ఎలిమెంట్‌ను పోయినదిగా పొరబడకుండా ఈజ్‌కనెక్టెడ్ విలువ ఫాల్స్ అయినప్పుడే అబార్ట్‌ను పిలవాలి, ఆ ఎలిమెంట్‌ను వీక్‌సెట్ నుంచి కూడా తీసేయాలి. తీసేయకపోతే, పేజీ అదే ఎలిమెంట్‌ను దాచి ఉంచి తర్వాత తిరిగి చేర్చినప్పుడు, అది సిద్ధంగానే ఉందని మన కోడ్ పక్కకు తప్పుకుంటుంది, మొదట్లో చెప్పుకున్న మూగ బటన్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది.